టాంజానియాలో జంతువులతో పాటు పొలాలూ చూపించే సఫారీ గైడ్లు ఉంటారా?

ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో ఉత్తర టాంజానియా వెళ్దామనుకుంటున్నాం. సెరెంగెటి నేషనల్ పార్కుకు దక్షిణాన ఎన్‌డూటు మైదానాల్లో అప్పుడు పెద్ద జింకల్లాంటి విల్డెబీస్ట్‌లు ఈనే కాలం. పుట్టిన కాసేపటికే దూడ లేచి తల్లి వెంట పరుగెడుతుంది. అది అమ్మకు చూపించాలి. దారిలో జంతువులుండే ఎన్గోరోంగోరో అగ్నిపర్వత బిలం ఎలాగూ ఉంది.

నాన్న మాత్రం జీవితమంతా మిర్చి సాగు చేసిన మనిషి. రోజంతా జీపులో కూర్చుని సింహాల కోసం చూడమంటే ఆయనకు విసుగు. కిలిమంజారో వాలుల్లో చగ్గా రైతులు అరటి నీడన కాఫీ వేస్తారు, కొండవాగుల నీళ్లను చిన్న కాలువలతో తోటలకు మళ్లిస్తారు. ఆ కాలువ గట్టున ఓ రైతుతో నాన్న తీరిగ్గా మాట్లాడాలని నా కోరిక. స్వాహిలీ నుంచి ఇంగ్లిష్‌లోకి చెప్పే గైడ్ దొరికితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. కిలిమంజారో కింద ఉన్న మోషి పట్టణం దగ్గర రైతు ఇంట్లోనే ఒక రాత్రి ఉండే వీలుంటుందా? మసాయి తెగ ఊళ్లలో టూరిస్టుల కోసం గెంతులు, పూసల అమ్మకాలేనా, లేక వాళ్లు పశువులను చూసుకునే తీరు కూడా దగ్గరుండి చూడనిస్తారా? మనమిచ్చే డబ్బు ఆ కుటుంబాలకే అందాలంటే ముందే ఎలా మాట్లాడుకోవాలి? అమ్మ శాకాహారి, పైగా మోకాళ్ల నొప్పులు. ఆ గుంతల రోడ్ల మీద రోజుకు ఎన్ని గంటల ప్రయాణం పెట్టుకోవచ్చు? నాకు అదే పెద్ద టెన్షన్.