అప్‌డేట్: రతన్‌జోత్ కాలస్ ఎట్టకేలకు ఎర్రబడింది

మొక్కల కణజాలం పెంచే మామూలు పోషక మాధ్యమమైన ఎంఎస్ మీడియంలో, వేళ్లు ఎర్ర రంగునిచ్చే రతన్‌జోత్ మొక్క కాలస్ (రూపం లేని కణాల ముద్ద) బాగా పెరుగుతోంది కానీ రంగు రావడం లేదు, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే నత్రజని అమ్మోనియంగా కాకుండా నైట్రేట్‌గా మాత్రమే ఉండే, రంగు రప్పించడానికి వాడే ఎం9 మీడియంలోకి మార్చి, 2,4-డి అనే కృత్రిమ పెరుగుదల హార్మోన్ మానేసి, ఫ్లాస్కులకు ఫాయిల్ చుట్టి చీకట్లో పెట్టాను. మొదట అంచుల్లో గులాబీ చుక్కలు, తర్వాత ముద్దంతా బీట్‌రూట్ తురుములా అయింది! హెక్సేన్ అనే ద్రావణిలో దిగిన ఎరుపుకి కాస్త సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి ఊపితే నీటి పొర నీలంగా మారింది. అంటే ఈ జాతి మొక్కల వేళ్లలో ఉండే షికోనిన్ అనే ఎర్ర రంగు పదార్థం తరహాదే. జపాన్‌లో మిత్సుయి కంపెనీ 1980ల్లో షికోనిన్ తీసిందీ ఇలా ముందు కణాలు పెంచి, తర్వాత రంగు రప్పించే రెండు దశల్లోనే; అది లిప్‌స్టిక్‌లలోకీ వెళ్లింది. కాకపోతే ఎం9లో పెరుగుదల బాగా మందగించింది. అందుకే ముందు ఎంఎస్‌లో కావలసినంత పెంచుకుని, ఆ తర్వాతే మారుస్తున్నాను. రంగు కోసం మీడియంలో కాపర్ పెంచి చూడమన్న సలహా ఇంకా మిగిలే ఉంది.