సొంత సర్వర్‌లో కామిక్స్: ఫోన్‌లో ఆపిన పేజీ ఐప్యాడ్‌లో తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

గట్టుమీద_చెట్టు:
అందరికీ నమస్తే. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కి ఉబుంటు వేసి నా కామిక్స్ అన్నీ దాంట్లో పెట్టాను, కొన్ని డీఆర్ఎం (కాపీ చేయనివ్వని తాళం) లేకుండా కొన్నవి, మిగతావి నాన్న బైండు చేయించి దాచిన పిల్లల మాసపత్రికలు నేనే కూర్చుని స్కాన్ చేసినవి, మొత్తం 140 జీబీ దాకా ఉంటాయి. ఇప్పటిదాకా సాంబా షేర్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్‌లోంచి తెరిచి చదువుతున్నా. బస్సులో ఫోన్‌లో సగం చదివి రాత్రి ఐప్యాడ్ తీస్తే మళ్ళీ మొదటి పేజీయే, ఎక్కడ ఆపానో వెతుక్కోవాలి. కోబో ఈ-రీడర్ కూడా ఉంది, దాంట్లో కోరీడర్ అనే చదివే యాప్ వేశాను. ఇంకోటి, ఇల్లు దాటితే సర్వర్ అసలు అందట్లేదు, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని సర్వర్‌కి పంపే సెట్టింగ్) పెట్టినా లాభం లేదు. ఓపీడీఎస్ పెట్టుకో అని ఒకరు చెప్పారు, దాంతో పని అయిపోతుందా?

అటకమీది_పెట్టె:
ఓపీడీఎస్ ఒక్కటే పెడితే అవ్వదండి. అది ప్రధానంగా కేటలాగ్, ఏ పుస్తకాలున్నాయో చూపించి డౌన్‌లోడ్‌కి ఇస్తుంది, ఆ తర్వాత మీరు ఏ పేజీలో ఉన్నారో చాలా యాప్‌లు తమ దగ్గరే రాసుకుంటాయి కాబట్టి ఫోన్ లెక్క ఫోన్‌ది, ఐప్యాడ్ లెక్క ఐప్యాడ్‌ది. పేజీ నంబరు సర్వర్ దగ్గర ఉండాలి, చదివే యాప్ దాన్ని సర్వర్‌కి చెప్పాలి. ముందు ఇది చూసుకుని తర్వాత యాప్ ఎంచుకోండి.

నేను కోమ్గా అనే కామిక్స్ సర్వర్ వాడుతున్నా, డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపేది), పోర్ట్ 25600. ఏ బ్రౌజర్‌లోనైనా దాని వెబ్ రీడర్‌లో చదివితే పేజీ సర్వర్‌లో సేవ్ అవుతుంది. ఐప్యాడ్‌లో సఫారీలో తెరిచి హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేసుకోండి, యాప్‌లాగే ఉంటుంది. ఆండ్రాయిడ్‌కి కొమీలియా అనే యాప్ ఉంది, అది కోమ్గా కోసమే చేసింది. మిహోన్ అనే ఆండ్రాయిడ్ రీడర్‌లో కూడా కోమ్గా ఎక్స్‌టెన్షన్ ఉంది కానీ దాని ట్రాకర్ (ఏం చదివారో సర్వర్‌కి చెప్పేది) సంచిక మొత్తం చదివేశాక మాత్రమే టిక్ పంపిస్తుంది, మధ్యలో 14వ పేజీ దగ్గర ఆపితే ఆ సంగతి సర్వర్‌కి తెలియదు. మీరు అడిగింది సరిగ్గా ఆ మధ్యలో ఆపిన పేజీయే కదా.

కోబోకి కోరీడర్ సింక్ కోమ్గాలోనే ఉంది. లైబ్రరీ సెట్టింగ్స్‌లో కోరీడర్ కోసం హ్యాష్ (ఫైల్‌ని గుర్తుపట్టే వేలిముద్ర లాంటి కోడ్) లెక్కించే ఆప్షన్ ఆన్ చేయాలి, కోమ్గాలో ఏపీఐ కీ (యాప్ లాగిన్ అవ్వడానికి వాడే కోడ్) తయారు చేసుకుని కోరీడర్ సింక్‌లో యూజర్‌నేమ్‌గా అదే ఇవ్వాలి, డాక్యుమెంట్ మ్యాచింగ్ బైనరీ మీద ఉంచాలి. కోబోలో ఉన్న ఫైల్, సర్వర్‌లో ఉన్న ఫైల్ బైట్ తేడా లేకుండా ఒకటే అయ్యుండాలి, అంటే కోబో కోసం విడిగా సైజు తగ్గించి పెట్టుకుంటే సింక్ అవ్వదు.

రైలుబండి_రీడర్:
బయట నుంచి అందకపోవడానికి కారణం మీ రౌటర్ కాకపోవచ్చు బ్రో. మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వరు, సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) వెనక ఉంచుతారు, అప్పుడు పోర్ట్ ఎంత ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి వచ్చేది మీ ఇంటిదాకా రాదు. రౌటర్‌లో కనిపించే వాన్ ఐపీ (నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే అదే సంగతి. టెయిల్‌స్కేల్ (మన పరికరాలన్నిటినీ ప్రైవేటుగా కలిపే వీపీఎన్) వేసెయ్, సర్వర్‌లో, ఫోన్‌లో, ఐప్యాడ్‌లో. సొంత వాడకానికి ఫ్రీ. కోమ్గాని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టాల్సిన పని కూడా ఉండదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో, ఇంట్లో 192.168 అడ్రస్, బయట టెయిల్‌స్కేల్ అడ్రస్ అని రెండు వాడకు, అన్నిచోట్లా టెయిల్‌స్కేల్ ఇచ్చే పేరే పెట్టు. లేకపోతే కొన్ని యాప్‌లు రెండు వేరే సర్వర్లు అనుకుంటాయి, లాగిన్లు రెండు, డౌన్‌లోడ్లు రెండు. రైల్లో సిగ్నల్ లేనప్పటికి మాత్రం నేను మిహోన్‌లోనే దింపుకుంటా, నెట్ రాగానే ఆ టిక్‌లు వెళ్ళిపోతాయి, పేజీ లెక్క పోయినా సంచికల లెక్క మిగులుతుంది కదా.

గట్టుమీద_చెట్టు:
వాన్ ఐపీ చూశాను, 100.7 ఏదో ఉంది, మీరు చెప్పిందే అనుకుంటా?

రైలుబండి_రీడర్:
100.7 అంటే తర్వాతి చుక్కకి ముందు మొత్తం అంకె చూడు, 100.70, 100.75 లాంటిదైతే సీజీనాటే.

గట్టుమీద_చెట్టు:
100.72. అర్థమైంది, టెయిల్‌స్కేల్ పెడతా. మరి స్కాన్లు పీడీఎఫ్‌లో ఉన్నాయి, మార్చాలా? కోమ్గా లాంటిదే కవిత అనే ఇంకో సర్వర్ బాగుంటుందని కూడా విన్నా.

బొమ్మలపిచ్చి:
కవిత మంచిదే, పోర్ట్ 5000, చూడ్డానికి నాకైతే కోమ్గా కంటే అందంగా ఉంటుంది, నవలలు కూడా ఉంటే ఇంకా నచ్చుతుంది. కాకపోతే అది ఫైల్ పేరు చూసి వాల్యూమ్ ఏది, చాప్టర్ ఏది అని ఊహిస్తుంది, మాంగాకి అది సుఖం, నెల సంవత్సరం పేర్లున్న మాసపత్రికలకి తలనొప్పి. కోమ్గాలో ఒక ఫోల్డర్ అంటే ఒక సిరీస్, అంతే. మీ స్కాన్లకి కోమ్గానే అంటాను. ఫైల్ పేర్లు 1984-01, 1984-02 అని పెట్టండి, జనవరి ఫిబ్రవరి అని తెలుగులో పెడితే వరుస అక్షరాల ప్రకారం పోయి అక్టోబర్ ముందుకొస్తుంది. తెలుగు పేరు కనపడాలంటే టైటిల్‌లో రాసుకోండి, వరుస కోసం సార్ట్ నంబరు వేరుగా ఇవ్వొచ్చు.

పీడీఎఫ్ కూడా చదువుతుంది కానీ ప్రతి పేజీని సర్వర్ బొమ్మగా తయారుచేసి పంపాలి, పాత ల్యాప్‌టాప్ మీద పేజీ తిప్పగానే ఆగి ఆగి వస్తుంది. సీబీజెడ్ అంటే బొమ్మలున్న జిప్ ఫైలే, పేజీలకి 001, 002 అని పేరు పెట్టి జిప్ చేసి ఎక్స్‌టెన్షన్ మార్చితే చాలు. పాత మాసపత్రికల్లో అక్షరాలు చిన్నవి, వత్తులు గుణింతాలు ఫోన్‌లో చెదిరిపోకుండా ఉండాలంటే పేజీ పొడవు 2400 పిక్సెళ్ళ కంటే తగ్గించకండి. ఆ కాగితం మళ్ళీ స్కాన్‌కి తట్టుకోకపోవచ్చు కాబట్టి అసలు స్కాన్లు వేరే డిస్క్‌లో అలాగే ఉంచండి, దయచేసి డిలీట్ చేయకండి.

అటకమీది_పెట్టె:
పైన చెప్పినదానికి తోడు, ఇంట్లో ఇంకెవరైనా చదివితే వాళ్ళకి వేరే యూజర్ చేయండి. చదివిన పేజీ యూజర్ పేరు మీద ఉంటుంది, ఒకే లాగిన్‌లో మీరూ పాపా చదివితే ఒకరి పేజీని ఇంకొకరు చెరిపేసుకుంటారు. పిల్లల యూజర్‌కి ఏ లైబ్రరీ కనపడాలో, ఏ వయసు వరకో కూడా పెట్టొచ్చు.

గట్టుమీద_చెట్టు:
పాపకి తెలుగు చదవడం ఇప్పుడిప్పుడే వస్తోంది, తాతగారి పుస్తకాలు తన లాగిన్‌లో తనే తీసి చదువుకోవాలని నాకు చాలా ఉంది, అది తప్పకుండా చేస్తా. బ్యాకప్ ఏం తీసుకోవాలి అన్నా?

అటకమీది_పెట్టె:
కామిక్స్ ఫోల్డర్‌తో పాటు కోమ్గా కాన్ఫిగ్ ఫోల్డర్ కూడా. యూజర్లు, మీరు రాసిన టైటిల్స్, ఎవరు ఏ పేజీలో ఉన్నారు అన్నీ అందులోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోనే ఉంటాయి. కాపీ తీసేముందు కంటైనర్ ఆపండి. ఆ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ షేర్ మీద మాత్రం పెట్టొద్దు, ల్యాప్‌టాప్ సొంత డిస్క్‌లోనే ఉంచండి.