‘వైల్డ్ రివర్’ను ఎందుకు మరచిపోయాం?

ప్రశ్న (గాజువాక):
ఎలియా కజాన్ 1960లో తీసిన ‘వైల్డ్ రివర్’ను మళ్ళీ చూశాను. 1933లో ఏర్పడిన అమెరికా ప్రభుత్వ సంస్థ టెనెస్సీ వ్యాలీ అథారిటీ కట్టే ఆనకట్ట వల్ల మునిగిపోనున్న తన లంకను విడువనని పట్టుబట్టే ఎల్లా గార్త్ అనే వృద్ధురాలి కథ ఇది. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళు వదిలిన కుటుంబాల నడుమ పెరిగినందున నన్ను ఇది బలంగా తాకింది. కజాన్ చిత్రాల చర్చలో దీనికి చోటు ఎందుకు దక్కడం లేదు?

జవాబు (సీతమ్మధార):
ఇందులో ప్రతినాయకుడు లేకపోవడమే కారణమని నా అభిప్రాయం. వరదలో తనవారిని పోగొట్టుకున్న మనిషి మాటలతో చిత్రం మొదలవుతుంది కనుక, ఆనకట్ట అవసరాన్ని ముందే అంగీకరించి, ఆ తరువాతే వృద్ధురాలి పక్షాన కూర్చోవలసి వస్తుంది. ఏదో ఒక పక్షం ఎంచుకోవాలనుకునే ప్రేక్షకునికి అది కష్టం.

జవాబు (భీమిలి):
నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కుక్క సన్నివేశం. తన పనివాడు శామ్‌ను అతని కుక్కను తనకు అమ్మమని ఆమె గట్టిగా అడుగుతుంది. అతడు ససేమిరా అంటాడు. ఇష్టమైనదాన్ని బలవంతంగా కొనడం ఎంత అన్యాయమో, నష్టపరిహారంపై ఏ ఉపన్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు. అప్పటికి నలభైలలోనే ఉన్న జో వాన్ ఫ్లీట్ ఆ ముదుసలి పాత్రను పోషించారంటే నమ్మశక్యం కాదు. నల్లజాతి కూలీలకు సమాన వేతనం ఇవ్వడంపై స్థానికుల ఆగ్రహాన్ని కూడా చిత్రం దాచలేదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. కొత్త ఇంటికి చేరిన కొద్దికాలానికే ఆమె మరణించడాన్ని, పునరావాసమంటే ఇల్లు కట్టివ్వడమేనని భావించే అధికారులందరూ చూడాలి.