అప్‌డేట్: డోనట్లు ఈసారి కుదిరాయి!

డోనట్లు పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉంటున్నాయి, తర్వాత వాయి నూనె పీల్చేస్తోంది, ఎందుకని పోయిన వారం అడిగాను కదా. నిన్న అమలాపురంలో మా ఇంట్లో మళ్లీ చేశాను.

మీరన్నట్టే తప్పంతా మంట దగ్గరే. గారెలకి అలవాటైన చేత్తో నూనె బాగా కాగబెట్టేసేదాన్ని, మాడుతున్నాయని మరీ తగ్గించేసేదాన్ని. ఈసారి థర్మామీటర్ పెట్టి 175, 180 డిగ్రీల మధ్య ఉంచి, ఒక్కో వైపు నిమిషం పైన వేయించాను. పిండి పొంగే టైమ్ కూడా చూసుకోవాలి, మన కోనసీమ ఉక్కకి గంటన్నర అక్కర్లేదు, ముప్పావుగంటకే రెట్టింపైంది. కోసిన బిళ్లల్ని మళ్లీ పొంగనిచ్చి వేలితో నొక్కితే గుంట మెల్లగా సగమే పూడింది, అప్పుడు వేశాను. నడుం చుట్టూ తెల్లటి గీత వచ్చింది చూడండి, అది చూశాక ఎంత సంతోషమో!

ఇక పూర్ణం సంగతి. బూరెల్లా ముందే పెడితే నూనెలో విచ్చుకుపోయాయని చెప్పాను కదా. ఇప్పుడు చిల్లు లేకుండా గుండ్రంగా వేయించి, చల్లారాక ఆ తెల్ల గీత దగ్గర పుల్లతో పొడిచి లోపల కాస్త తిప్పి, కొబ్బరి లౌజు నింపాను. లౌజు మాత్రం పాలు పోసి మెత్తగా రుబ్బండి, నాకు మొదట కోరు అడ్డుపడి, లౌజు వేసి నొక్కే ప్లాస్టిక్ కవర్ పగిలింది. టెంపరేచర్ చూసుకోమన్న అక్కకి చాలా థాంక్స్, అమ్మ మూడు తిన్నది.