టోపీ నీడ ముఖం మీద సగం దాకా పడింది, తీసేది ఎలా?

మబ్బుచాటు:
ఇది మా పెదనాన్న ఫొటో. మిట్టమధ్యాహ్నం తీసింది. టోపీ అంచు నీడ నుదుటి నుంచి ముక్కు సగం దాకా గీత గీసినట్టు పడింది. ఆ గీత కింద బుగ్గలు, నవ్వు మాత్రం ఎండలో మెరిసిపోతున్నాయి. ఆయన ఇలా నవ్విన ఫొటో మా దగ్గర ఇంకోటి లేదు, కాబట్టి దయచేసి మళ్లీ తీయమని చెప్పకండి. ఫోన్లో తీసిన జేపెగ్ ఒక్కటే ఉంది. ఫొటోషాప్‌లో షాడోస్ స్లైడర్ లాగితే కళ్లు కనబడుతున్నాయి గానీ చర్మం బూడిద పూసినట్టు అవుతోంది. పైగా కనుబొమలు, చొక్కా మడతలు కూడా వెలిసిపోతున్నాయి. ఈ ఒక్క నీడనే తీయాలంటే దారేంటి? పెద్ద సైజులో ప్రింటు వేయించాలి.

రీటచ్‌రంగడు:
షాడోస్ స్లైడర్‌కి ఏది నీడో ఏది కనుబొమో తెలియదండీ. నల్లగా ఉన్నదల్లా దానికి నీడే. దాన్ని పక్కన పెట్టేయండి.

ముందుగా ఒక మాట. నీడను పూర్తిగా తుడిచేయాలని చూడకండి. నెత్తిన టోపీ కనబడుతూ నుదురు ఎండలో వెలిగిపోతుంటే, చూసేవాళ్లకి ఎక్కడ తేడా కొట్టిందో చెప్పలేకపోయినా నమ్మబుద్ధి కాదు. కళ్లు హాయిగా కనబడేంత తేలికపరిస్తే చాలు.

కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేయండి, అంటే అసలు ఫొటోని ముట్టుకోకుండా వెలుగుని గీత వంచి మార్చే పొర. కలర్ శాంప్లర్‌తో (ఒక చోటి రంగుని అంకెల్లో చూపే పనిముట్టు) ఎండ పడిన బుగ్గ మీద ఒక చుక్క, దానికి దగ్గర్లోనే గీతకి పైన నీడలో ఇంకో చుక్క పెట్టండి. ఇన్ఫో ప్యానెల్‌లో రెండింటి అంకెలూ కనిపిస్తాయి. కర్వ్ పైకి లేపుతూ నీడ చుక్క అంకెల్ని చూస్తూ ఉండండి. ఎండ చుక్క అసలు అంకెలతో ఉన్న తేడాలో సగం కన్నా కొంచెం ఎక్కువ పూడగానే ఆపేయండి. ఈ పనిలో నా కళ్లని నేనే నమ్మను, అంకెల్నే నమ్ముతాను.

ఇక ఆ బూడిద రంగు సంగతి. బుగ్గ మీద పడేది నేరుగా ఎండ. టోపీ కింద చర్మానికి అందేది ఎక్కువగా ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుతురు. నీడ నల్లగా ఉన్నంతసేపూ ఆ నీలం తెలియదు, తేలిక చేయగానే బయటపడుతుంది. అదే కర్వ్స్‌లో బ్లూ చానల్ (ఫొటోలో నీలం పాలు) ఒక పిసరు కిందికి, రెడ్ ఒక పిసరు పైకి జరపండి. రెండు చుక్కల్లోనూ ఎరుపు, పచ్చ, నీలం ఇంచుమించు ఒకే వరసలో తగ్గుతూ వస్తే చర్మం కుదిరినట్టే.

తర్వాత మాస్క్‌ను (లేయర్ ఎక్కడ పనిచేయాలో చెప్పే తెర) ఇన్వర్ట్ చేసి, అంటే నల్లగా మార్చి, నీడ ఉన్న చోట మాత్రమే తెల్ల బ్రష్‌తో పూయండి. కనుబొమల్ని, కనుపాపల్ని వదిలేయండి, అవి నల్లగానే ఉండాలి.

అసలు తంటా అంచు దగ్గరే. మాస్క్ నీడ దాటితే తెల్ల గీత పడుతుంది, నీడ కన్నా లోపలే ఆగిపోతే నల్ల గీత మిగులుతుంది. సూర్యుడు మనకి ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పు కనిపిస్తాడు కాబట్టి, టోపీ అంచు చర్మానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నీడ అంచున మసక సుమారు 1 మిల్లీమీటరు. ముఖం నిజంలో 20 సెంటీమీటర్లు, ఫొటోలో 1000 పిక్సెళ్లు అనుకుంటే అది 5 పిక్సెళ్లు. మాస్క్ అంచుని మెత్తబరిచే ఫెదర్ అక్కడ మొదలుపెట్టండి. ముక్కు పక్కన వాలు మీద నీడ సాగుతుంది, అక్కడ బ్రష్ ఇంకాస్త మెత్తగా ఉండాలి. చాలామంది 50 పిక్సెళ్ల ఫెదర్ పెట్టేసి, నీడ పోలేదని వాపోతారు.

గీత వెంబడి సన్నగా ఎర్రటి చార కూడా కనిపించవచ్చు. చర్మంలోకి దూరిన వెలుగులో ఎరుపు ఎక్కువ దూరం పాకి నీడలోకి వస్తుంది, అదే ఇది. పైన ఖాళీ లేయర్ పెట్టి, బ్లెండింగ్ మోడ్ కలర్‌కి మార్చి, పక్కనున్న మంచి చర్మం రంగు తీసుకుని తక్కువ ఒపాసిటీతో దాని మీద పూస్తే సర్దుకుంటుంది.

పిక్సెల్‌పిచ్చి:
రంగడన్నా, ఇంత శ్రమ ఎందుకు? ఇప్పుడు ఏఐ ఒక్క నొక్కుతో నీడ తీసేస్తోంది కదా.

రీటచ్‌రంగడు:
వెనక గోడ మీద నీడైతే నేనూ అదే వాడతాను తమ్ముడూ. కళ్ల దగ్గరైతే వద్దు. అది నీడ తీయదు, చాలాసార్లు ఆ చోట కొత్త చర్మం, కొత్త రెప్పలు గీసి పెడుతుంది. తెలియని వాళ్లకి బాగానే ఉంటుంది, ఇంట్లోవాళ్లు మాత్రం చూడగానే "ఈయన మన పెదనాన్న కాదు" అంటారు.

గింప్‌గూటి:
ఫొటోషాప్ లేనివాళ్ల కోసం. ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఇదంతా అవుతుంది. లేయర్ డూప్లికేట్ చేసి, దాని మీద కర్వ్స్ నడిపి, నల్ల లేయర్ మాస్క్ తగిలించండి. తేలిక చేసినచోట చర్మం నారింజ రంగుకి తిరిగితే ఆ లేయర్ మోడ్‌ను ఎల్‌సీహెచ్ లైట్‌నెస్‌కి మార్చి చూడండి, వెలుగు మాత్రమే మారుతుంది. గింప్ 2.10 నుంచి ఈ మోడ్ ఉంది. కాకపోతే ఆ మోడ్‌లో రంగు కర్వ్స్‌తో సరిదిద్దడం కుదరదు, నీలాన్ని దించడానికి ఇంకో లేయర్ పెట్టుకోవాలి.

మబ్బుచాటు:
రంగడు గారూ, చేశాను. కళ్లు బయటికొచ్చాయి, మా అమ్మ చూసి తెగ సంబరపడింది. రెండు సమస్యలు మిగిలాయి. ముక్కు మీద ఆ గీత సన్నగా ఇంకా కనబడుతోంది. నుదుటి మీద ఇసుక చల్లినట్టు నాయిస్ వచ్చింది.

రీటచ్‌రంగడు:
నాయిస్ చీకటి భాగంలో ముందునుంచీ ఉన్నదే, జేపెగ్ కావడంతో ఇంకా ఎక్కువైంది. జేపెగ్‌లో చానల్‌కి 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్లో (కెమెరా సెన్సర్ నుంచి నేరుగా వచ్చే ఫైలు) 16,384. చీకటి భాగాన్ని పైకి లాగినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. నుదుటి వరకే నాయిస్ రిడక్షన్ కొంచెం ఇచ్చి, తర్వాత ఫొటో మొత్తానికి సన్నటి గ్రెయిన్ వేయండి. అంతటా ఒకేలా ఉంటే ఎవరూ పట్టించుకోరు.

గీతకి హీలింగ్ బ్రష్ వాడకండి, రెండు వైపుల రంగూ కలిపి మరక చేస్తుంది. కొత్త లేయర్ వేసి, దాని బ్లెండింగ్ మోడ్ లైటెన్‌కి మార్చండి. క్లోన్ స్టాంప్ (ఒక చోటి పిక్సెళ్లని ఇంకో చోట అచ్చు వేసేది) తీసుకుని, పైన ఆప్షన్లలో శాంపిల్ 'కరెంట్ అండ్ బిలో', ఒపాసిటీ 15 శాతం పెట్టండి. గీతకి కాస్త కింద నుంచి ఆల్ట్ నొక్కి శాంపిల్ తీసుకుని మెల్లగా రుద్దండి. లైటెన్‌లో నల్లటి పిక్సెళ్లు మాత్రమే మారతాయి, చర్మం గరుకు చెడదు.

పెద్ద ప్రింటు ఇచ్చేముందు ముఖం వరకు చిన్న ముక్క టెస్టు ప్రింటు వేయించుకోండి. స్క్రీన్ వెలుగు ఎక్కువ పెట్టుకుని పనిచేసి ఉంటే నీడ కాగితం మీద మళ్లీ ముదురుగా దిగుతుంది.