సమస్య: ఇనుము తేలె నీట నీక మునిగె

నిర్వాహకులు: నిన్నటి నుంచీ ఈ పాదం నన్ను వదలడం లేదు. ఇనుము తేలిందట, ఈక మునిగిందట! ఇదే చివరి పాదంగా, అర్థం కుదిరేలా పద్యం పూరించండి.

ఓడరేవు:
ఓడ కడుపు నిండ నొదిగి యుండగ గాలి
సగటు సాంద్రతయును జలము కన్న
తక్కువగుట వలన ధరియించె నుదకమ్ము
ఇనుము తేలె నీట నీక మునిగె

శబ్దప్రియ: ఓడరేవు గారూ, 'సగటు సాంద్రత' పద్యంలో హాయిగా ఒదిగింది. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములు, లోపలి గాలితో కలిపి లెక్కేస్తే ఓడది 1 కన్నా తక్కువ. అంతా బాగుంది. మరి ఈక ఎందుకు మునిగిందండీ? సగం సమస్య మీరు ముట్టుకోనే లేదు.

ఓడరేవు: ఈకను మీరు ముంచండి, చూస్తాం.

శబ్దప్రియ: చిత్తం.
నూనె పూత బోయె నురగలో సబ్బుచే
గాలి బుడగ లెల్ల కదలి పోయె
పాదరసము పైన భారమ్ము లేనట్లు
ఇనుము తేలె, నీట నీక మునిగె

ఈకలోని కెరటిన్ అనే ప్రోటీన్ సాంద్రత దాదాపు 1.3. పదార్థం మటుకు చూస్తే మునగాల్సిందే. పీచుల సందుల్లో చిక్కుకున్న గాలి దాన్ని తేలుస్తుంది. చిన్న మెత్తటి ఈకను సబ్బునీళ్లలో నానబెట్టి వేళ్లతో పిండండి, బుడగలు పైకొచ్చేస్తాయి, ఈక అడుక్కి దిగుతుంది.

నిర్వాహకులు: విరుపు అదిరింది! 'నీట'ను ఇనుము నుంచి లాగి ఈకకు ఇచ్చేశారు. పాదం ఇచ్చిన నాకే తట్టలేదు.

ఓడరేవు: విరుపు నాకూ నచ్చింది. కానీ 'భారమ్ము లేనట్లు' ఏమిటి? పాదరసం సాంద్రత 13.6. ఆ లెక్కన ఇనుపముక్కలో 58 శాతం మునిగే ఉంటుంది. నిరుడు మంచుకొండ పద్యంలోనూ ఇంతే, 'సగము పైన' అన్నారు. మంచు 0.917, సముద్రపు నీరు సుమారు 1.025, పైకి కనిపించేది పదో వంతు.

శబ్దప్రియ: ఆ పద్యం ఇంకా గుర్తుంచుకున్నారు, సంతోషం. అక్కడ 'సగము' చూసేవాడి కంటికి తోచింది. ఇక్కడ మాత్రం లెక్కే. తేలే వస్తువు తన బరువుకు సమానమైన ద్రవాన్ని పక్కకు నెడుతుంది. ఆపైన దాన్ని కిందికి లాగే బలం మిగలదు. భారం లేనట్లే కదా!

కొత్తచిగురు: ఒక్క పాదమే కుదిరింది, చూడండి: సాంద్రత హెచ్చినది జారి మునుగు

నిర్వాహకులు: యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన జత (సా-జా), చక్కగా పడింది. కానీ ఒత్తు ముందున్న 'హె' గురువై (బరువుగా పలికే అక్షరమై) గణం, అంటే అక్షరాల లెక్క, విరిగింది. 'సాంద్రత పెరిగినది జారి మునుగు' అంటే సరి. మిగతా పాదాలూ రాయండి.

ఓడరేవు: నా మూడో పాదం మారుస్తున్నాను, క్రమాలంకారంగా, అంటే మొదటి కారణం ఇనుముకు, రెండోది ఈకకు వరసగా కలిపి చదువుకోండి: తక్కువగుట వలన, తడిసి గాలిని వీడ

శబ్దప్రియ: క్రమం బాగా కుదిరింది. అయితే ఊరికే తడిస్తే ఈక గాలిని అంత తేలిగ్గా వదలదండీ, పైన నూనె ఉన్నంతసేపూ నీరు లోపలికి దూరదు. 'తైలమ్ము వదలగ' అని చూడండి, యతీ నిలుస్తుంది.

ఓడరేవు: తీసుకున్నాను.