వైండింగ్ ఉష్ణోగ్రత ట్రిప్ విలువను వేసవిలో పెంచవచ్చా?

ప్రశ్న:
నేను రామగుండం వైపు ఒక 132/33 కేవీ సబ్‌స్టేషన్‌లో పనిచేస్తున్నాను. మా 50 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మరుకు వైండింగ్ (తీగచుట్ట) ఉష్ణోగ్రత అలారం 90 డిగ్రీలకు, ట్రిప్ (ట్రాన్స్‌ఫార్మరు దానంతటదే ఆగిపోవడం) 100 డిగ్రీలకు పెట్టి ఉన్నాయి. బయట 45 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా 80 శాతం లోడుకే అలారం మోగుతోంది. నిన్న మధ్యాహ్నం డబ్ల్యూటీఐ (వైండింగ్ ఉష్ణోగ్రత సూచిక) ముల్లు 98 దాకా వెళ్లడంతో ఒక ఫీడరును ఆపవలసి వచ్చింది. అలారం 105కు, ట్రిప్ 115కు మార్చవచ్చునా?

జవాబు 1:
ముందు ఆ 98 నిజమో కాదో తేల్చుకోండి. డబ్ల్యూటీఐ వైండింగును తాకదు. పైభాగపు నూనె వేడికి, బుషింగ్ సీటీ (లోడు కరెంటును కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మరు) కరెంటుతో కాగే చిన్న హీటరు వేడిని కలిపి, హాట్‌స్పాట్ (వైండింగులో అత్యంత వేడి చోటు) ఇంత ఉంటుందని అంచనాగా చూపుతుంది. హీటరు ఎంత కలపాలో మీ ట్రాన్స్‌ఫార్మరు టెంపరేచర్ రైజ్ టెస్టు రిపోర్టే చెప్పాలి. ఉదాహరణకు గ్రేడియంట్ (వైండింగు, నూనెల సగటు వేడుల తేడా) 16 డిగ్రీలు, దాన్ని హెచ్చవేసే హాట్‌స్పాట్ గుణకం 1.3 అయితే పూర్తి లోడుకు 21, 80 శాతానికి సుమారు 15 డిగ్రీలు కలవాలి. నిన్న అదే సమయానికి ఓటీఐ (నూనె ఉష్ణోగ్రత సూచిక) ఎంత ఉంది?

ప్రశ్న అడిగినవారు:
లాగ్‌షీటులో 76 అని ఉందండీ. తేడా 22 డిగ్రీలు. రిపోర్టులోని గ్రేడియంట్ కూడా మీరన్నట్లు 16 దగ్గరే ఉంది.

జవాబు 1:
పూర్తి లోడుకు రావలసిన దానికంటే ఎక్కువే వస్తోంది కాబట్టి, సీటీ ట్యాపు, హీటరు రెసిస్టరు సరిచూడాలి.

జవాబు 2:
ఓటీఐ బల్బు (వేడిని పసిగట్టే కొన) ఉండే పాకెట్‌లో నూనె తగ్గినా అది తక్కువ చూపి, తేడా పెరిగినట్లు కనిపిస్తుంది. అందువల్ల రెండు బల్బులనూ ఒకే నూనె స్నానంలో పెట్టి పోల్చాకే హీటరు జోలికి వెళ్లండి.

ఇక విలువల సంగతి. ఐఈసీ 60076-7 (ట్రాన్స్‌ఫార్మరు లోడింగుపై అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం వైండింగుకు చుట్టే మామూలు ఇన్సులేషన్ కాగితానికి ఆధార హాట్‌స్పాట్ 98 డిగ్రీలు. ఆపైన ప్రతి 6 డిగ్రీలకూ కాగితం వృద్ధాప్యం రెట్టింపవుతుంది. అంటే 116 దగ్గర గడిపే ఒక గంట, 98 దగ్గర ఎనిమిది గంటలతో సమానం. కాగితంలో తేమ 2 శాతం ఉంటే 140 ప్రాంతంలో బుడగలు పుట్టే ప్రమాదం ఉన్నందున, 115 ట్రిప్ తక్షణ ప్రమాదమేమీ కాదు. కానీ అలారాన్ని 105కు జరిపితే, ఆపరేటరు కళ్లు తెరిచేసరికే కాగితం వేగంగా పాడవుతుంటుంది. క్యాలిబ్రేషన్ పూర్తయ్యాక, తయారీదారు ఒప్పుకుంటే, అలారం 100కు, ట్రిప్ 110కు పెట్టమంటాను.